అభియోగ వాక్యమును తీర్చు విధము

మనుష్యుడు సాటి మనుష్యుని గూర్చి పలుకు మాటలలో నేరారోపణమంత బరువైనది మఱియొకటి లేదు. పొగడ్త పొరపాటైనచో దానిని పొందినవాడు నాలుగు దినములు గర్వపడి యూరకుండును. నింద పొరపాటైనచో ఒకని యుద్యోగము పోవచ్చును, ఒక కుటుంబము ఊరిలో తలయెత్తుకొని తిరుగలేకపోవచ్చును, పిమ్మట నిజము బయటపడినను పోయిన పరువు పూర్తిగా తిరిగి రాకపోవచ్చును. అట్టి మాటను తల్లిభాషలోనే ఆచి తూచి పలుకవలసియుండగా, బడిలో నేర్చిన ఆంగ్లమున వ్రాయవలసివచ్చినపుడు ఎంత మెలకువ కావలయునో వేఱుగ చెప్పనక్కఱలేదు. సంజాయిషీ కోరు మెమోలు, వానికిచ్చు సమాధానములు, విచారణ నివేదికలు, బ్యాంకులకును బీమా సంస్థలకును పంపు ఫిర్యాదులు, విదేశములందున్న మనవారు తమ యజమానులకు వ్రాసికొను అర్జీలు, ఇవి యన్నియు నేడు పెక్కు చోట్ల ఆంగ్లముననే సాగుచున్నవి. ఈ వ్రాతలలో మనవారు తఱచుగా తడబడు చోటొకటి కలదు. అది నేరము మోపు క్రియకు పిమ్మట రావలసిన చిన్నమాట, అనగా ప్రిపొజిషన్.

ఆ చిన్నమాట తన చోట కుదురవలెనన్న, వ్రాయువాడు కలము పట్టకముందే మూడు సంగతులు తేల్చుకొనవలెను: మాట ఎవరిని గూర్చినది, అతడు చేసినట్లు చెప్పబడుచున్న పని యేది, వ్యవహారము ఏ దశలో నున్నది. ఈ మూడును తేల్చుకొన్నవానికి సరియైన ప్రిపొజిషన్ దానంతట అదియే దొరకును; తేల్చుకొననివాడు ప్రిపొజిషన్ను ఎన్నిమాఱులు మార్చి దిద్దినను వాక్యమునకు న్యాయము కుదురదు. ఈ అధ్యాయమునకు ప్రాణమైన మాట యిదియే. తక్కినదంతయు దీనికి వివరణము.

తడబాటునకు మూలము

మన పిల్లలు డు, ము, వు, లు మొదలుకొని విభక్తి ప్రత్యయములను వల్లించి యుందురు. పిమ్మట ఆంగ్లపాఠమునందు ఆఫ్ అనగా "యొక్క", విత్ అనగా "తో", ఫర్ అనగా "కొఱకు", ఆన్ అనగా "మీద" అని ఎదురెదురుగా వ్రాసికొని కంఠస్థము చేయుదురు. తొలి పాఠములకు ఈ జతలు చాలును. కాని అభియోగ క్రియల యొద్దకు వచ్చునప్పటికి అవి చేయి విడుచును. దొంగతనము "యొక్క" నిందింపబడెననిన తెలుగున అర్థమే లేదు గనుక, విద్యార్థి తనకు అర్థమగు మాటను వెదకికొనును. తెలుగున నింద ఒకని మీద వేయుదుము, నేరము మీద మోపుదుము, కేసు మీద పెట్టుదుము. కావున "దే అక్యూజ్డ్ థెఫ్ట్ ఆన్ హిమ్" అను వాక్యము పుట్టును. దొంగతనము చేసినందుకు పట్టుకొందుము. కావున "అక్యూజ్డ్ ఫర్ స్టీలింగ్" అనునది పుట్టును. దొంగిలించెనని నిందింతుము, కావున "అక్యూజ్డ్ హిమ్ దట్ హి స్టోల్" అనునది పుట్టును. ఈ మూడింటను మాటలు ఆంగ్లము, నడక తెలుగు.

ఆంగ్లమున ఈ క్రియల పొందిక వేఱు. మనము నేరమును కర్మగా జేసి దానిని మనిషిపై మోపుదుము. ఆంగ్లము మనిషిని కర్మగా జేసి నేరమును ప్రిపొజిషన్ వెనుక నిలుపును. మనిషి ముందు, పని వెనుక: "దే అక్యూజ్డ్ హిమ్ ఆఫ్ థెఫ్ట్." ఈ క్రమము మనసున నాటుకొన్నవానికి సగము పని తీఱినట్లే. మిగిలిన సగము ఏ క్రియకు ఏ ప్రిపొజిషన్ పొసగుననునది. దానిని మూడు కుటుంబములుగ విభజించి నేర్చుకొనుట సుకరము.

ఆఫ్ కుటుంబము

అక్యూజ్, సస్పెక్ట్, కన్విక్ట్, అక్విట్, క్లియర్ అను క్రియలకు పిమ్మట ఆఫ్ వచ్చును. గిల్టీ, ఇన్నొసెంట్ అను విశేషణములకును అదియే. దీనికి హేతువు చరిత్రయందున్నది. లాటిన్ భాషలో నిందించుట, దోషియని తేల్చుట, నిర్దోషియని విడుచుట అను నర్థములు గల క్రియలకు నేరము పేరు షష్ఠీవిభక్తిలో నుండెడిది. ఫ్రెంచిలో ఆ షష్ఠి "ద" అను చిన్నమాటయై నిలిచెను. 1066లో నార్మనులు ఇంగ్లాండును జయించిన పిదప అచ్చటి న్యాయస్థానముల వ్యవహారమునకు ఫ్రెంచి భాషయే ఆధారము కాగా, వాదములు ఆంగ్లమున జరుగవలెనని 1362లో శాసనము వెలువడు నాటికి ఫ్రెంచి మాటలును వాని పొందికలును ఆ దేశపు న్యాయభాషలో పాదుకొనియుండెను. కావున ఇచ్చటి ఆఫ్ షష్ఠియే. కాని "యొక్క" అని తెనిగింప వీలులేని షష్ఠి. "ఈ పని ఇతనిది" అనుటయో, "ఈ పని ఇతనిది కాదు" అనుటయో దాని తాత్పర్యము. ఈ తాత్పర్యమును జ్ఞాపకముంచుకొన్న చాలును, పట్టిక వల్లింపనక్కఱలేదు.

ఆఫ్ పిమ్మట నేరము పేరైన రావలెను, ఇంగ్ చివరగా గల క్రియారూపమైన రావలెను. "అక్యూజ్డ్ ఆఫ్ థెఫ్ట్" అనవచ్చును. "అక్యూజ్డ్ ఆఫ్ స్టీలింగ్ ద మనీ" అనవచ్చును. "అక్యూజ్డ్ టు స్టీల్" అనరాదు.

ఈ కుటుంబమంతయు ఒక్క వృత్తాంతమున కనబడును. అది ఫ్రెంచి సైన్యమున కెప్టెనుగా నుండిన ఆల్ఫ్రెడ్ డ్రైఫస్ వృత్తాంతము. 1894లో పారిసులోని జర్మను రాయబార కార్యాలయమునుండి ఫ్రెంచి గూఢచారులకు ఒక చీటీ చిక్కెను. సైనిక రహస్యములను అమ్మజూపిన ఆ చీటీలోని వ్రాత ఇతనిదేమో యని అధికారులకు అనుమానము కలిగెను. ఆ దశలో అతడు సస్పెక్టెడ్ ఆఫ్ ట్రీజన్. అనుమానము ఆరోపణమయ్యెను, అపుడతడు అక్యూజ్డ్ ఆఫ్ ట్రీజన్. ఆ డిసెంబరులో సైనిక న్యాయస్థానము దోషియని తీర్పు చెప్పెను. కన్విక్టెడ్ ఆఫ్ ట్రీజన్. దక్షిణ అమెరికా తీరమందలి డెవిల్స్ ఐలండ్ అను దీవిలో అతడు ఏండ్ల తరబడి ఏకాంత శిక్ష ననుభవించెను. ఆ చీటీ వ్రాసినవాడు వేఱొక సైనికాధికారి. తుదకు 1906లో ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానము అతడు నిర్దోషియని తేల్చెను; క్లియర్డ్ ఆఫ్ ట్రీజన్. నాలుగు దశలలోను ఆఫ్ మారలేదు. మారినది క్రియ. ఒక క్రియకు బదులు మఱియొకటి వ్రాసినచో వ్యాకరణము చెడదు గాని సత్యము చెడును. తీర్పు రాకమునుపే ఒకని పేరు ప్రక్కన కన్విక్టెడ్ అని వ్రాసినవాడు, ప్రిపొజిషన్ను ఎంత చక్కగా వాడినను, ఆ మనిషికి అన్యాయము చేసినవాడే యగును.

విత్ కుటుంబము

ఈ కుటుంబమున ముఖ్యమైన క్రియ ఛార్జ్ అనునది. బరువు నింపుట దాని ప్రాచీనార్థము. ఏదో యొకదానితో నింపుదురు గనుక దానికి విత్ పొసగినది. "హి వాజ్ ఛార్జ్డ్ విత్ ఛీటింగ్" అనిన, అధికారముగలవారు నియమము ప్రకారము అతనిపై మోసము నేరమును నమోదు చేసిరని న్యాయభాషలో అర్థము. ఇరుగుపొరుగువారు ఒకనిని అక్యూజ్ చేయుదురు; ఛార్జ్ చేయుట పోలీసువారిదియో, ప్రభుత్వ న్యాయవాదిదియో, శాఖాపరమైన విచారణలో అధికారిదియో యైన పని. ఈ భేదమును పాటింపక, ఎవరో నలుగురు అరుగుమీద కూర్చుండి అనుకొన్న మాటకు ఛార్జ్ అను క్రియను తగిలించినచో, లేని అధికారమును ఆ మాటకు అంటగట్టినట్లగును.

ఇచ్చట రెండు మెలకువలు చెప్పవలసియున్నవి. ఛార్జ్ క్రియగా నున్నపుడు విత్ వచ్చునే గాని, నామముగా నున్నపుడు ఆఫ్ వచ్చును: "అరెస్టెడ్ ఆన్ ఏ ఛార్జ్ ఆఫ్ ఛీటింగ్." మఱియు ఛార్జ్ పిమ్మట ఫర్ వచ్చినచో సామాన్యముగా అది వెల కట్టుటకు చెల్లును, "దే ఛార్జ్డ్ మి ఫర్ ద ఫోన్" అనిన ఫోనునకు నా యొద్ద డబ్బు తీసికొనిరని యర్థము, ఫోను దొంగిలించితినని నేరము మోపిరని కాదు. ఒక్క చిన్నమాట మాఱినంతమాత్రమున కొనుగోలుదారు నేరస్థుడగును, నేరస్థుడు కొనుగోలుదారగును.

ఫర్ కుటుంబము

ప్రాసిక్యూట్, ట్రై, పనిష్, అరెస్ట్, బ్లేమ్, క్రిటిసైజ్ అను క్రియలు ఫర్ను కోరును. ఇచ్చట నేరము కారణముగ నిలుచును: ఈ పని చేసినందుకు ఈ ఫలము. మెచ్చుకోలు క్రియలును ఈ త్రోవనే నడచుట గమనింపదగినది. థ్యాంక్, ప్రెయిజ్, ఫర్‌గివ్ అను మూడింటికిని ఫర్ యే. చేసిన పనికి మనిషికి దక్కినది దండనమైనను, వందనమైనను, క్షమాపణమైనను, కారణమును చూపు మాట ఒక్కటే.

ఆఫ్, ఫర్ అను రెండింటి భేదమును కన్నులార చూడదలచువారు మన రాజ్యాంగము 20వ అధికరణమును ఆంగ్లమున తెఱచి చూడవలెను. మూడు ఖండికల ఆ చిన్న అధికరణమున కన్విక్ట్ పిమ్మట ఆఫ్ ఉన్నది, ప్రాసిక్యూట్ మఱియు పనిష్ పిమ్మట ఫర్ ఉన్నది, అక్యూజ్ పిమ్మట మరల ఆఫ్ ఉన్నది. రాష్ట్రపతిని తొలగించు విధమును చెప్పు 61వ అధికరణమున ఇంపీచ్ పిమ్మట ఫర్ కనబడును. అమెరికా రాజ్యాంగమును 1787లో వ్రాసినవారును, అధ్యక్షుని తొలగించు సందర్భమున, ఒకే నేరముల జాబితాకు ముందు ఇంపీచ్‌మెంట్‌కు ఫర్ను, కన్విక్షన్‌కు ఆఫ్ను వేఱువేఱుగ నిలిపిరి. క్లుప్తత కొఱకు ఒక్కదానితో సరిపుచ్చుకొనవచ్చుననిపించు చోట వారు రెండింటిని వ్రాసిరి. ఏలనన, నేరమునకై సభలో నిలబెట్టుట యొకటి, నేరము అతనిదని తేల్చుట మఱియొకటి. బ్రిటిషు పార్లమెంటులో 1788 నుండి 1795 వఱకు సాగిన వారన్ హేస్టింగ్సు విచారణమే దీనికి దృష్టాంతము: ఇంపీచ్ చేయబడిన ఆ గవర్నరు జనరలు తుదకు నిర్దోషియని విడువబడెను. ఆ సభలో నేరము మోపిన ఎడ్మండ్ బర్క్ ఇంపీచ్ పిమ్మట ఆఫ్ వాడెను. నేటి వాడుక ఫర్. భాష కాలముతో జరుగునది గనుక, మనము నేడు నిలిచిన వాడుకనే అనుసరింపవలెను.

బ్లేమ్ అను క్రియకు మాత్రము రెండు త్రోవలు కలవు. "దే బ్లేమ్డ్ ద డ్రైవర్ ఫర్ ద యాక్సిడెంట్" అనవచ్చును; "దే బ్లేమ్డ్ ద యాక్సిడెంట్ ఆన్ ద డ్రైవర్" అనవచ్చును. మనిషి ముందు వచ్చినపుడు ఫర్, సంగతి ముందు వచ్చినపుడు ఆన్. మన తెలుగు "మీద" ఇచ్చట ఆంగ్లముతో సరిగా కలియును. ఈ యొక్క క్రియతో కలిసినది గదా యని తక్కిన క్రియలకును ఆన్ తగిలించుటయే మనవారి పొరపాట్లలో సాధారణమైనది.

మఱికొన్ని పొందికలు

నేరమును ఒప్పుకొనుటకును, శిక్ష పడుటకును టు వచ్చును: "ప్లీడెడ్ గిల్టీ టు", "కన్‌ఫెస్డ్ టు", "సెంటెన్స్డ్ టు". 1908లో విజయవాడ స్వరాజ్య పత్రికలో వెలువడిన వ్యాసము కారణముగ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చెఱసాలకు పోయిన సంగతి తెలుగువారికి తెలిసినదే. దానిని ఆంగ్లమున చెప్పదలచినచో, ట్రైడ్ ఫర్ సెడిషన్, కన్విక్టెడ్ ఆఫ్ సెడిషన్, సెంటెన్స్డ్ టు ఇంప్రిజన్‌మెంట్ అని మూడు క్రియలకు మూడు ప్రిపొజిషన్లు వరుసగ వచ్చును. 1922 మార్చి 18న అహ్మదాబాదు న్యాయస్థానమున మహాత్మాగాంధి తనపై మోపిన నేరమును తానే అంగీకరించి, అనగా ప్లీడెడ్ గిల్టీ టు ద ఛార్జెస్ అయి, ఆఱేండ్ల శిక్షను స్వీకరించెను.

డినై అను క్రియకు ప్రిపొజిషన్ అక్కఱలేదు: "హి డినైడ్ టేకింగ్ ద మనీ." అలెజ్ అను క్రియ మనిషిని కర్మగా కోరదు, "దే అలెజ్డ్ దట్ హి టుక్ ద మనీ" అనవలెను. కేసు మన భాషలో మనిషి మీద పెట్టబడును గాని, ఆంగ్లమున "ఎగైన్‌స్ట్ హిమ్" అనవలెను. చట్టములోని సెక్షనునకు అండర్ చెల్లును. వాడుకలో "ఫోర్ ట్వంటీ" యని పేరుపడిన మోసము నేరము 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షను క్రిందికి వచ్చినది. కావున "ఛార్జ్డ్ విత్ ఛీటింగ్ అండర్ సెక్షన్ 318" అని వ్రాసినచో నేరమునకు విత్, చట్టమునకు అండర్ అని రెండును తమ తమ చోట్ల నిలుచును.

సస్పెక్ట్, డౌట్ అను రెండు క్రియల భేదము తెలియక జరుగు అనర్థము అన్నిటికంటె పెద్దది. రెండింటికిని తెలుగున అనుమానించుట, సందేహించుట అని చెప్పుకొందుము గనుక, "అతడు తీసెనని నా అనుమానము" అను భావముతో "ఐ డౌట్ దట్ హి టుక్ ఇట్" అని వ్రాయుదురు. ఆ వాక్యమునకు ఆంగ్లమున అర్థము తలక్రిందులు: అతడు తీసెనని నేను నమ్మను. నిందింపదలచినవాడు తనకు తెలియకయే వెనుకేసికొని వచ్చినట్లగును. "ఐ సస్పెక్ట్ హిమ్ ఆఫ్ టేకింగ్ ఇట్" అనునది సరియైన వాక్యము.

ఒక మెమోను దిద్ది చూతము

సహకార సంఘపు గోదాములో పండ్రెండు యూరియా బస్తాలు లెక్కకు తగ్గినవనుకొందము. కార్యదర్శి గుమాస్తాకు ఇట్లు మెమో వ్రాసెను: "యూ ఆర్ అక్యూజ్డ్ ఫర్ ద షార్టేజ్ ఆఫ్ ట్వెల్వ్ బ్యాగ్స్." అక్యూజ్ పిమ్మట ఫర్ తప్పు గనుక, దానిని కొట్టివేసి ఆఫ్ వ్రాసితిమనుకొనుడు. "అక్యూజ్డ్ ఆఫ్ ద షార్టేజ్" అయినది. ఇదియు కుదురలేదు. ఏలనన ఆఫ్ వెనుక మనిషి చేసిన పని నిలువవలెను; లోటు పని కాదు, లెక్కలో తేలిన స్థితి. ఇచ్చట ప్రిపొజిషన్ కార్యదర్శిని నిలదీసి అడుగుచున్నది: ఈ గుమాస్తా ఏమి చేసెనని నీవనుచున్నావు?

ఆ ప్రశ్నకు జవాబులు మూడు విధములుగ నుండవచ్చును. బస్తాలు అతడే తరలించెనని సాక్ష్యమున్నచో "యూ ఆర్ అక్యూజ్డ్ ఆఫ్ రిమూవింగ్ ట్వెల్వ్ బ్యాగ్స్" అని వ్రాయవలెను. అతడు తీసెనని సాక్ష్యము లేదు గాని గోదాము తాళములు అతని యొద్దనే యుండి, సరకును కాపాడు బాధ్యత అతనిదే యైనచో "యూ ఆర్ రెస్పాన్సిబుల్ ఫర్ ద స్టాక్" అని బాధ్యతను మాత్రము జ్ఞాపకము చేయవలెను. లోటు ఎట్లు వచ్చినదో ఇంకను తెలియనే తెలియనిచో, నేరమోపు క్రియతో పనియే లేదు. "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ ద షార్టేజ్" అని సంజాయిషీ అడుగుటతో సరిపుచ్చవలెను. మొదటి మెమో అందుకొన్నవాడు దొంగయన్న మాట పడినవాడు. రెండవది అందుకొన్నవాడు అజాగ్రత్తకు జవాబు చెప్పవలసినవాడు. మూడవది అందుకొన్నవాడు ఇంకను నిర్దోషియే. బస్తాలు ముందుగా దిగుమతి కాలేదనియో, తూకపు పుస్తకమున పొరపాటు పడినదనియో మఱునాడు తేలవచ్చును. అట్లు తేలిననాడు మూడవ విధముగ వ్రాసిన కార్యదర్శి ఎవరికిని మొగము చాటుచేయనక్కఱలేదు.

అభ్యాసము

ప్రతిదినము ఆంగ్ల పత్రికలో న్యాయస్థానపు వార్తనొకదానిని చదివి, అందలి అభియోగ క్రియ క్రింద గీత గీసి, ప్రిపొజిషన్ను గుర్తించి, దాని వెనుక నున్నది పనియా, నేరము పేరా, చట్టపు సెక్షనా అని పరిశీలింపుడు. పిమ్మట అదే సంగతిని అడుగు దశకు మార్చి, ఎగువ దశకు మార్చి వ్రాయుడు: అనుమానముగ నొకమాఱు, ఆరోపణముగ నొకమాఱు, తీర్పుగ నొకమాఱు. క్రియను ఒంటరిగ కంఠస్థము చేయవలదు. "అక్యూజ్ సమ్‌వన్ ఆఫ్", "ఛార్జ్ సమ్‌వన్ విత్", "బ్లేమ్ సమ్‌వన్ ఫర్" అని నడుమ మనిషినుంచి పలుకుట అలవరచుకొనుడు. నాలుకకు అలవడిన పొందిక కలమునకు తనంత అందివచ్చును.

వ్రాయువానికి చెప్పినదే మెమో అందుకొన్నవానికిని వర్తించును. మెమో చేతికి రాగానే కోపమో భయమో ముంచుకొని వచ్చి, మన మనసులో మెదలిన నింద కంతటికిని జవాబు వ్రాయబోవుదుము. అట్లు చేయక, ముందుగా క్రియయు ప్రిపొజిషన్ను చూచుకొనుడు. రెస్పాన్సిబుల్ ఫర్ అని యున్నచో బాధ్యతను గూర్చి మాటలాడుడు. "నేను దొంగను కాను" అని మొదలుపెట్టినచో ఎవరును అనని మాటను మీరే కాగితమెక్కించిన వారగుదురు. అక్యూజ్డ్ ఆఫ్ అని యున్నచో, ఆఫ్ వెనుక నున్న పనిని పేరుపెట్టి డినై చేయుడు, లేక చేసియున్నచో అడ్మిట్ చేయుడు. ఛార్జ్డ్ విత్ అని యున్నచో ఏ నిబంధన అండర్ మోపిరో చూచి, అది వ్రాయనిచో వ్రాతమూలముగ అడుగుడు. అడుగుట మీకుగల హక్కు. ఆరోపణమున లేని నేరమునకు సమాధానము చెప్పవలదు. ఉన్నదానిని సమాధానము చెప్పక విడువవలదు.